బలానికీ ఒక బడి ఉన్నది



మన మెదక్ మార్కెట్ యార్డుకు వడ్లు వచ్చే రోజులలో అక్కడ హమాలీలు పని చేసే తీరును కాసేపు నిలబడి చూడండి. లారీలోకి బస్తాలు ఎక్కించే మనిషి చాలాసార్లు బక్కపలచగా ఉంటాడు. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోతాడేమో అనిపిస్తుంది. అయినా అతను పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకే దాకా బస్తా తరవాత బస్తా మోస్తూనే ఉంటాడు. కండలు తిరిగిన వస్తాదు ఒకడు పక్కన నిలబడి, "ఇదేం పెద్ద పని?" అని తానొక బస్తాను పట్టుకుంటే, అది జానెడు లేచేసరికి "అబ్బ, నా నడుము!" అంటూ చతికిలబడతాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. హమాలీకి తెలిసిన విద్య ఒకటి వస్తాదుకు తెలియదు, అంతే. కండ అందరికీ కనబడుతుంది. ఆ కండను ఏ క్షణాన, ఏ వైపుకు, ఏ వరుసలో వాడాలో తెలియడం మాత్రం పైకి కనబడదు. అది నేర్చుకోవలసిన విద్య. అక్షరాలు నేర్చుకోవడానికి బడి ఉన్నట్టే బలానికీ ఒక బడి ఉన్నది. ఆ బడిలో చదివి, లోకం మెచ్చేటట్టు పరీక్ష ప్యాసయిన ఒక తెలుగు అమ్మాయి కథ ఈ నెల చెబుతాను. ఆమె పేరు కరణం మల్లీశ్వరి.

కథలోకి వెళ్ళే ముందు మీరు ఇంట్లో రెండు చిన్న పనులు చేసి చూడాలి.

మొదటిది: ఒక లీటరు నీళ్ళ సీసాను రొమ్ముకు ఆనించి పట్టుకోండి. ఎంతసేపైనా పట్టుకోగలరు. ఇప్పుడు అదే సీసాను చెయ్యి చాచి, భుజం ఎత్తున ముందుకు పట్టుకోండి. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టండి. నూరు చేరేలోగా చాలామందికి చెయ్యి వణకడం మొదలవుతుంది. సీసా బరువు పెరిగిందా? చుక్క నీరు కూడా పెరగలేదు. బరువు మీ భుజానికి దూరమయింది, అంతే.

రెండవది: తలుపును పిడి దగ్గర ఒక వేలితో తొయ్యండి, తేలికగా కదులుతుంది. అదే తలుపును బందుల పక్కనే వేలు పెట్టి తొయ్యండి, కదలనంటుంది. బందుకు ఎంత దూరంగా తోస్తే తలుపు మీద మన వేలి పట్టు అంత పెరుగుతుంది.

మన నడుము కూడా తలుపు బందు వంటిదే. ముందుకు వంగి, చేతులు చాచి, దూరంగా ఉన్న బస్తాను ఎత్తబోయామనుకోండి. అప్పుడు ఆ బరువు పిడి దగ్గర తోసే వేలులాగా మన నడుమును తిప్పివేస్తుంది. నడుముకు బస్తా దూరం రెట్టింపయితే, దానిని ఆపడానికి వెన్ను కండరాలు పడే శ్రమ కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. హమాలీ చేసేది ఏమిటి? బస్తాను ఒంటికి హత్తుకుంటాడు. వెన్ను నిటారుగా ఉంచి మోకాళ్ళు వంచుతాడు. కాళ్ళతో నేలను తన్ని లేస్తాడు. ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండరాలు తొడలలోనూ, పిరుదులలోనూ ఉన్నాయి. పెద్ద పనిని పెద్ద కండరాలకు అప్పగించి, నడుమును నిటారుగా నిలబెట్టే పనికే వాడుకుంటాడు. ఇదే బలపు బడిలో మొదటి పాఠం.

ఊసవానిపేట అమ్మాయి

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అనే పల్లె ఉన్నది. ఆ ప్రాంతానికి బలప్రదర్శనలు కొత్త కావు. 'కలియుగ భీముడు' అని పేరుపొందిన కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం ఆ సీమలోదే. అక్కడి పల్లెలలో సంగిడి రాళ్ళు ఎత్తే పందాలు పూర్వం నుంచీ ఉన్నాయి. కాని ఆ పందాలలో ఎత్తేవారు మగవారు, చుట్టూ నిలబడి చూసేవారు తక్కినవారు.

మల్లీశ్వరి 1975 జూన్ 1న పుట్టింది. తండ్రి మనోహర్ రైల్వే రక్షణ దళంలో ఉద్యోగి. తల్లి శ్యామల. ఇంట్లో అందరూ ఆడపిల్లలే. ఊరిలో నీలంశెట్టి అప్పన్న అనే శిక్షకుడు బరువులెత్తడం నేర్పేవాడు. మల్లీశ్వరి అక్కలు ముందు అక్కడికి వెళ్ళారు. తరువాత పన్నెండేళ్ళ ప్రాయంలో మల్లీశ్వరి కూడా వెళ్ళింది. అప్పుడామె బాగా సన్నగా ఉండేది. ఈ పిల్ల బరువులేమి ఎత్తుతుందని అనుకున్నవారు ఉన్నారు. తల్లి మాత్రం వెనక్కి తగ్గలేదు. కూతుళ్ళను ప్రోత్సహించి ఆ దారిలో నిలబెట్టిన మనిషి ఆమే.

ఆ రోజులలో ఆడవారు బరువులెత్తడం ప్రపంచంలోనే కొత్త. మగవారికి 1896లో జరిగిన మొదటి ఒలింపిక్స్ లోనే బరువుల పోటీ ఉన్నది. ఆడవారికి మొట్టమొదటి ప్రపంచ పోటీలు 1987లో అమెరికాలోని డేటోనా బీచ్ లో జరిగాయి. అంటే ఊసవానిపేటలో మల్లీశ్వరి ఇనుము పట్టుకోవడమూ, లోకంలో ఆడవారికి ఆ తలుపు తెరుచుకోవడమూ ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి.

తరువాత ఆమె బెంగళూరు చేరింది. అక్కడి శిబిరంలో ఆమెలోని సత్తాను గుర్తించినవాడు లియోనిద్ తరనెంకో. ఆయన సామాన్యుడు కాడు. 1980 మాస్కో ఒలింపిక్స్ లో సోవియట్ జట్టు తరఫున స్వర్ణం గెలిచినవాడు. 1988లో ఆయన ఒక్క లిఫ్టులో 266 కిలోలు తలపైకి ఎత్తాడు. 33 ఏళ్ళపాటు ఆ బరువును ఎవ్వరూ దాటలేకపోయారు. 2021లో జార్జియా దేశపు లాషా తలఖాద్జే 267 కిలోలు ఎత్తి దాటాడు. అటువంటి మనిషి కంటికి మన పల్లె పిల్ల ఆనడం చిన్న విషయం కాదు.

ఎత్తడంలోని కిటుకు

ఈ పోటీలో రెండు రకాల లిఫ్టులు ఉంటాయి. మొదటిది స్నాచ్. నేలమీద ఉన్న ఇనుప బారును ఒకే ఊపులో తలపైకి ఎత్తి నిలవాలి. రెండవది క్లీన్ అండ్ జెర్క్. ముందు బారును భుజాల మీదికి తెచ్చుకొని నిలబడాలి. తరువాత అక్కడి నుంచి తలపైకి విసిరి నిలపాలి. ఒక్కొక్క రకానికి మూడేసి అవకాశాలు ఇస్తారు. రెండింటిలోనూ మేలైన బరువులు కలిపితే మొత్తం వస్తుంది. ఒకసారి పెంచిన బరువును మళ్ళీ తగ్గించరు.

ఇక అసలు రహస్యం వినండి. మీరు ఏమనుకుంటారు? లిఫ్టర్ చేతులతో బారును నేల నుంచి తలపైదాకా లాగుకుపోతారని గదా? అలా లాగడం ఎవరి తరమూ కాదు. వారు కాళ్ళతో నేలను బలంగా తోస్తారు. నేలను మనం ఎంత బలంతో తోస్తే నేల మనలను అంత బలంతో తిరిగి తోస్తుంది. ఇది న్యూటన్ చెప్పిన మూడవ సూత్రం. పై తరగతులలో చదువుకుంటారు. ఆ తోపుడుకు బారు తొడల దాకా వస్తుంది. అప్పుడు ఒళ్ళంతా వింటినారి వలె ఒక్కసారిగా సాగుతుంది. బారు పైకి లేస్తుంది. కాని అది తలదాకా పోదు. కొంత ఎత్తున దాని వేగం తగ్గి, మళ్ళీ కిందికి దిగబోయే లోపల లిఫ్టరే చటుక్కున దాని కిందికి దూరి గొంతుక్కూర్చుంటారు! బారు కిందికి జారేలోగా చేతులు నిటారుగా నిలబడి ఉంటాయి. ఆ తరువాత కాళ్ళ బలంతో మెల్లగా లేచి నిలబడతారు.

చూశారా? బరువును తమ దాకా లాగడం సగం, తామే బరువు కిందికి వెళ్ళడం సగం. ఈ లాగడమూ దూరడమూ అంతా ఒకటి రెండు సెకండ్లలో అయిపోతుంది. అరక్షణం ముందు దూరితే బారు ఇంకా పైకి లేవలేదు. అరక్షణం ఆలస్యమైతే బారు దిగిపోతున్నది. బారు ఒంటికి బెత్తెడు దూరం జరిగినా నడుము బందు మీద బరువు పెరిగి, మనిషి ముందుకు తూలుతాడు. అందుకే రోజుకు పదులసార్లు, ఏళ్ళ తరబడి ఒకే కదలికను అభ్యాసం చేస్తారు. మీరు ఎక్కాలు వల్లె వేసినట్టే వారు తమ ఒంటి చేత వల్లె వేయిస్తారు.

తోయడంలోనూ అదే పాఠం

బరువు నేలమీద ఊరికే పడి ఉంటే ఎత్తవచ్చు. ఆ బరువే ఎదురుగా నిలబడి మనలను తోస్తుంటే? అప్పుడు కూడా ఈ పాఠమే పనికివస్తుందా? వస్తుంది. దానికి ఫ్రాన్సు దేశం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను.

ఫ్రాన్సులో రగ్బీ అనే ఆట ఆడతారు. జట్టుకు 15 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చిన్న పొరపాటు జరిగి ఆట ఆగినప్పుడు దానిని మళ్ళీ మొదలుపెట్టడానికి 'స్క్రమ్' అనే పద్ధతి ఉన్నది. ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది భుజాలు కలిపి, నడుములు వంచి, ఎదుటి ఎనిమిది మందితో తలపడతారు. మధ్యలోకి బంతి వేస్తారు. ఇటువారు అటు తోస్తారు, అటువారు ఇటు తోస్తారు. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి గొలుసు కట్టి పట్టుకోవడం మీకు తెలుసు గదా? ఇక్కడ రెండు గొలుసులు ఒకదానినొకటి ఢీకొంటాయన్నమాట. నేటి అంతర్జాతీయ జట్లలో ఒక్కొక్క వైపు ఎనిమిది మంది బరువు కలిపితే 800 కిలోలు దాటుతుంది.

మొదటి వరుసలో ముగ్గురు ఉంటారు. ఆ ముగ్గురిలో రెండు చివరల ఉండేవారిని 'ప్రాప్' అంటారు. అంటే దన్ను. పూరిపాకకు గుంజ ఎటువంటిదో స్క్రమ్ కు ప్రాప్ అటువంటివాడు. కుడివైపు ప్రాప్ పని మరీ కష్టం. అతని తల ఎదుటివారిలో ఇద్దరి మధ్య ఇరుక్కుంటుంది. ఇద్దరి తోపుడూ అతనే కాయాలి. వెనక నుంచి తన జట్టు తోపుడు కూడా అతని వెన్ను మీదుగానే ముందుకు పోవాలి. వెన్ను వంగితే ఆ తోపుడంతా వృథా. వెన్ను నిటారుగా, నడుము భుజాలకన్న మరీ పైకి లేవకుండా, పాదాలు నేలను కరచి ఉండాలి. అదిగో, మళ్ళీ మన హమాలీ పాఠమే!

ఈ పనిలో పేరు మోసినవాడు రోబేర్ పాపరెంబోర్డ్. 1948లో పిరనీస్ కొండల దగ్గర ఫెయాస్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. జూడో కూడా నేర్చాడు. ఎదుటివాని బలాన్ని ఎటు మళ్ళించాలో జూడో నేర్పుతుంది. ఇతని భుజాలు ఏటవాలుగా ఉండేవి. ఎదుటివారికి పట్టు సరిగా చిక్కేది కాదు. 1975 నుంచి 1983 వరకు ఫ్రాన్సు తరఫున 55 మ్యాచ్ లు ఆడాడు. 1977లో ఐరోపాలోని అయిదు దేశాల పోటీలో ఫ్రాన్సు నాలుగు మ్యాచ్ లూ గెలిచింది. నాలుగింటిలోనూ అవే 15 మంది ఆడారు. ప్రత్యర్థులను తమ గీత దాటి బంతిని నేలకు ఆనించనివ్వలేదు, ఒక్కసారి కూడా! 1981లో మళ్ళీ నాలుగూ గెలిచారు. బంతి పట్టుకొని పరుగెత్తినవారికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి. కాని ఆ పరుగుకు చోటు చేసినది ముందు వరుసలోని ఆ దన్ను. పాపరెంబోర్డ్ 2001లో కన్నుమూశాడు.

తప్పు పద్ధతిలో తోస్తే స్క్రమ్ కూలుతుంది, మెడకు ప్రమాదం. అందుకే 2013 నుంచి రెండు జట్లూ ముందుగా వంగి, ఒకరినొకరు పట్టుకొని, ఆ తరువాతనే కలబడాలని నియమం పెట్టారు. బలానికి పద్ధతి నేర్పకపోతే అది ఎదుటివానికీ మనకూ కూడా చేటు తెస్తుంది.

సిడ్నీ

ఇప్పుడు మల్లీశ్వరి దగ్గరికి తిరిగి వద్దాం. బరువుల పోటీలలో అందరినీ ఒక గాట కట్టరు. ఒంటి బరువును బట్టి తరగతులు ఉంటాయి. మల్లీశ్వరి మొదట 54 కిలోల తరగతిలో పోటీ చేసింది. 1993లో మెల్బోర్న్ ప్రపంచ పోటీలలో కాంస్యం గెలిచింది. 1994లో ఇస్తాంబుల్, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌ పోటీలలో ప్రపంచ విజేత అయింది. 1996లో వార్సాలో మళ్ళీ కాంస్యం. 1994 ఆసియా క్రీడలలో రజతం. అర్జున అవార్డు, ఆపై ఖేల్ రత్న అందుకున్నది. 1999లో పద్మశ్రీ వచ్చింది.

అంతా పూలబాట అనుకోకండి. 1998లో తరగతుల హద్దులు మారాయి. ఆమె 63 కిలోల తరగతికి వెళ్ళి ఆ ఏడు బ్యాంకాక్ ఆసియా క్రీడలలో రజతం గెలిచింది. తరువాత 69 కిలోల తరగతికి వెళ్ళింది. తరగతి మారడమంటే మీరు అయిదు నుంచి ఆరుకు వెళ్ళినట్టు కాదు. పుట్టుకతోనే తమకన్న పెద్ద ఒళ్ళు గలవారితో పోటీ పడాలి. 1996 తరువాత ప్రపంచ పోటీలలో ఆమెకు పతకం రాలేదు. ఆమె పని అయిపోయిందనీ, ఒలింపిక్స్ కు పంపడం దండుగ అనీ పత్రికలలో రాసినవారు ఉన్నారు.

2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒలింపిక్స్ జరిగాయి. ఆడవారి బరువుల పోటీ ఒలింపిక్స్ లోకి రావడం అదే మొదటిసారి. సెప్టెంబరు 19న 69 కిలోల తరగతి పోటీ. మల్లీశ్వరికి అప్పుడు 25 ఏళ్ళు.

స్నాచ్ లో ఆమె 110 కిలోలు ఎత్తింది. చైనాకు చెందిన లిన్ వైనింగ్ కూడా 110 ఎత్తింది. హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ 112.5 ఎత్తింది. ఇక క్లీన్ అండ్ జెర్క్. మల్లీశ్వరి 130 కిలోలు ఎత్తింది. ఎంత బరువో ఊహించండి: రెండు సిమెంటు బస్తాలు, వాటిపైన మూడవ తరగతి పిల్లవాడొకడు! మార్కుష్ కూడా 130 ఎత్తింది. లిన్ 132.5 ఎత్తింది.

పలక తీసి కూడండి. లిన్: 110, 132.5, మొత్తం 242.5. మార్కుష్: 112.5, 130, మొత్తం 242.5. మల్లీశ్వరి: 110, 130, మొత్తం 240. మొదటి ముగ్గురి నడుమ తేడా రెండున్నర కిలోలు మాత్రమే!

మల్లీశ్వరికి ఇంకా ఒక్క లిఫ్టు మిగిలి ఉన్నది. బారు మీద 137.5 కిలోలు పెట్టమన్నారు. అది ఎత్తితే మొత్తం 247.5 అవుతుంది, స్వర్ణం ఆమెదే. మన దేశానికి అంతవరకు ఒలింపిక్స్ లో ఒక్క ఆడమనిషి కూడా పతకం తేలేదు. ఆమె బారును పట్టింది. కాని ఆ లిఫ్టు నిలవలేదు.

ఆమెకు కాంస్యం వచ్చింది. లిన్, మార్కుష్ ల మొత్తాలు సమానం గనుక, ఆనాటి నిబంధన ప్రకారం ఒంటి బరువు తక్కువగా ఉన్న లిన్ కు స్వర్ణం ఇచ్చారు.

మీలో లెక్కలు బాగా వచ్చినవారు ఈపాటికి వేలు ఎత్తి ఉంటారు: "మాస్టారూ! 135 ఎత్తినా మొత్తం 245 అయ్యేది గదా? 137.5 ఎందుకు?" నిజమే. కాగితం మీద 135 చాలు. 130 ఎత్తిన తరువాత 135కు వెళ్ళడమంటే అయిదు కిలోల పెంపు, 137.5కు వెళ్ళడమంటే ఏడున్నర కిలోల పెంపు. ఈ చర్చ ఆ తరువాత చాలా ఏళ్ళు సాగింది. దీని నుంచి మనం నేర్చుకోవలసినది ఒకటున్నది. బలపు బడిలో లెక్కల పాఠం కూడా ఉన్నది. వేదిక వెనక బల్ల దగ్గర వేసే కూడికలు, తీసివేతలు వేదిక మీది లిఫ్టు అంత ముఖ్యమైనవి.

అయితే ఇంకొకటి కూడా మరవకండి. రెండున్నర కిలోలు చేజారినవని బాధపడేవారు, ఆమె ఎత్తిన 240 కిలోలను చూడడం మానేస్తారు. సిడ్నీలో మన దేశమంతటికీ వచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్స్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఊసవానిపేట మల్లీశ్వరి. ఈ మాట పాఠ్యపుస్తకాలలో ఇక మారదు.

ఆమె 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ కు కూడా వెళ్ళింది. వెన్ను దెబ్బ వల్ల పోటీ పూర్తి చేయలేకపోయింది. ఆ తరువాత పోటీల నుంచి విరమించింది. వెన్ను ఎంత ముఖ్యమని ఇంతసేపూ చెప్పానో ఇప్పుడు తెలిసిందా? ఎంత నేర్చినవారికైనా వెన్ను సహకరించకపోతే బారు లేవదు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ గా ఆమెను నియమించారు. బలపు బడిలో శిష్యురాలిగా చేరిన పిల్ల ఒక విశ్వవిద్యాలయానికే పెద్ద అయింది.

అదే 2021లో, ఏడాది ఆలస్యంగా జరిగిన టోక్యో ఒలింపిక్స్ లో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను 49 కిలోల తరగతిలో మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం తెచ్చింది. బరువుల పోటీలో మల్లీశ్వరి తరువాత మనకు పతకం రావడానికి 21 ఏళ్ళు పట్టింది. మొదట నడిచినవారి అడుగు విలువ ఆ తరువాత వచ్చినవారిని చూస్తేనే బాగా తెలుస్తుంది.

పెద్దలకు ఒక మాట

ఈ పుట చదివే తల్లిదండ్రులలో కొందరికి ఒక సందేహం ఉంటుంది. బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని మన ఇళ్ళలో పెద్దలు అంటూ ఉంటారు. వైద్యులు దీనిని పరిశీలించారు. తెలిసిన శిక్షకుని ఎదుట, తేలిక బరువులతో, సరైన పద్ధతిలో చేసే వ్యాయామం ఎదుగుదలను ఆపుతుందనడానికి ఆధారం లేదని తేల్చారు. ప్రమాదం ఎక్కడున్నదంటే, చూసేవారు లేనిచోట పందెం వేసుకొని మోయలేని బరువును ఎత్తబోవడంలో ఉన్నది. అందువల్ల పిల్లలకు మొదట ఉత్త కర్రతో కదలిక నేర్పుతారు. ఇనుము తరువాత వస్తుంది.

ఇంకొక సందేహం ఇంతకన్న పాతది: "ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు?" దీనికి నా జవాబు చిన్నది. నీళ్ళ బిందె ఎత్తేటప్పుడు, కట్టెల మోపు మోసేటప్పుడు, నాట్లు వేసేటప్పుడు ఈ ప్రశ్న మనం ఎన్నడూ అడగలేదు. బరువు ఆడపిల్లల తల మీద ఎప్పుడూ ఉన్నది. మల్లీశ్వరి తల్లి చేసినదల్లా ఆ బరువును పద్ధతిగా ఎత్తడం నేర్చుకోవడానికి కూతుళ్ళను పంపడమే. మీ అమ్మాయి పరుగో, కబడ్డీయో, బరువులో నేర్చుకుంటానంటే, ఒద్దనే ముందు ఆ నేర్పే మనిషికి ఆ విద్య తెలుసునా అని విచారించండి. తెలిసినవాడైతే పంపండి.

పిల్లలూ, మీరు రేపటి నుంచి చేయవలసిన పని ఒకటి చెబుతాను. పుస్తకాల సంచిని ఒక భుజానికి వేలాడదీసి ఒక పక్కకు ఒరిగి నడవకండి. రెండు పట్టీలూ రెండు భుజాలకు వేసుకొని, సంచి వీపుకు ఆనేటట్టు బిగించండి. సంచిలో బరువైన పుస్తకాలను వీపు వైపు పెట్టండి. సంచిని నేల మీద నుంచి తీసేటప్పుడు మోకాళ్ళు వంచండి. బలపు బడిలో ఇది మీ ఒకటవ తరగతి.

ఈ నెల లెక్క: ఒక పోటీలో కమల, విమల, శ్యామల పాల్గొన్నారు. స్నాచ్ లో కమల 62, విమల 60, శ్యామల 58 కిలోలు ఎత్తారు. క్లీన్ అండ్ జెర్క్ లో కమల 75, విమల 78 కిలోలు ఎత్తి తమ అవకాశాలన్నీ ముగించుకున్నారు. శ్యామల 76 ఎత్తింది. ఆమెకు ఇంకొక అవకాశం ఉన్నది. ఇక్కడ బరువును ఒక్కొక్క కిలో చొప్పున పెంచవచ్చు. ఎవరితోనూ సమానం కాకుండా శ్యామల మొదటి స్థానం పొందాలంటే బారు మీద తక్కువలో తక్కువ ఎన్ని కిలోలు పెట్టించాలి? రెండవ స్థానానికి ఎన్ని చాలు? మీరు శ్యామల శిక్షకులైతే ఏది అడుగుతారు, ఎందుకు? మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు వచ్చే నెల ఇస్తాను. మూడవ దానికి జవాబు మీలో మీరు వాదించుకొని తేల్చుకోండి.